ఎద్దే కుమ్మింది

వజ్రపుకొత్తూరు
6 ఫిబ్రవరి 1925

తమ్ముడు పోలారావుకు అప్ప సన్యాసమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం ఉన్నంతలో బాగానే ఉన్నాం. రంగూనులో నీ తిండీ నిద్రా ఎలా ఉన్నాయో రాయి. మిల్లులో ధాన్యం దుమ్ముకి దగ్గు పట్టుకుందన్నావు, తగ్గిందా? ఎప్పటిలాగే నేను చెబుతున్నాను, మీ బావ రాస్తున్నాడు.

జీడిమామిడి పూత గురించి అడిగావు. ఈ ఏడు చెట్టంతా పూతే. పండగ వెళ్ళాక జలంత్రకోట నుంచి చిన్నాన్న కొడుకు సూర్యం వచ్చి, మీ బావతో కలిసి కొబ్బరికాయలన్నీ దింపి వెళ్ళాడు. ఇద్దరూ ఒక ఆకులోనే తిన్నారు. వెళ్ళేటప్పుడు "బావా, ఎండు సేపలు అట్టుకొస్తాను, ఉండు" అని చెప్పి వెళ్ళాడు, ఇంకా రాలేదు.

ఇంకో సంగతి ఉంది. రాయొద్దన్నాను గానీ, పోలారావుకి తెలియాల్సిందే అని మీ బావ పట్టుపట్టాడు. కిందటి వారం నా కుడి కంటికి దెబ్బ తగిలింది. పలాస నుంచి కొత్తగా తెచ్చిన ఎద్దుకి కుడితి పెట్టడానికి తొట్టి దగ్గర వంగాను. ఈగలు ముసిరి అది తల ఒక్క విదిలింపు విదిలించింది. కొమ్ము తగల్లేదు. రెండు కొమ్ముల నడుమ నుదురుంది చూడు, అది వచ్చి సరిగ్గా కంటి మీద పడింది. కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను.

ఆ రోజుకి కన్ను నల్లగా కమిలింది, అంతే. మర్నాడు ముక్కు చీదాను. చీదగానే బుగ్గా రెప్పా ఒక్కసారిగా పొంగిపోయి కన్ను మూసుకుపోయింది. వేలితో నొక్కితే లోపల తడి ఇసుక నలిగిన చప్పుడు. మీ బావ చేతిలో చెంబు జారిపోయింది. పక్కింటి అప్పలమ్మ వచ్చి చూసి, "ఒలమ్మా, గాలి సోకీసినాదే దీనికి" అని వేపమండలు తెచ్చింది. మీ బావ ఆమె మాట వినలేదు, బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు గారు నొక్కి చూసి, "గాలి సోకిన మాట నిజమే. అయితే అది దయ్యం గాలి కాదు, నీ ముక్కులో గాలే. కంటి గుంట అడుగున ఎముక పగిలింది. ఆ పగులులోంచి గాలి చర్మం కిందికి ఎక్కింది. ఇక ముక్కు చీదకు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్ము" అన్నారు. పొంగు అప్పుడే తగ్గింది. నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇట్లు
నీ అప్ప సన్యాసమ్మ

*

రంగూను
24 ఫిబ్రవరి 1925

అప్ప పాదాలకు పోలారావు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచినదానివి. నీ ముఖాన ఎముక విరిగిందని కాగితం మీద చదవాల్సి వచ్చింది నాకు. దగ్గు తగ్గింది, దాని గొడవ వదిలెయ్యి.

మా మిల్లు ఆసుపత్రిలో కాంపౌండరు వైకుంఠరావు గారని ఉన్నారు, మన టెక్కలి వారే. ఉత్తరం తీసుకెళ్ళి ఆయనకు చదివి వినిపించాను. ఆయన పలక మీద కంటి గుంట బొమ్మ గీసి చూపించారు. చుట్టూ అంచు గట్టి ఎముకట. లోపల అడుగు మాత్రం ఉల్లిపొరంత పలచనట. కర్రో కొబ్బరికాయో తగిలితే అంచు విరుగుతుంది, దాంతోపాటు చెంప ఎముకా లోపలికి కుంగుతుంది. నుదుటి వైపు తగిలి పైకప్పు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది, మెదడు ఆ పక్కనే కాబట్టి. అంచు నిలిచి అడుగు ఒక్కటే పగిలిందంటే దెబ్బ కంటి మీదే పడిందని అర్థమట.

"అలాంటిది దేనివల్ల వస్తుందండీ?" అని అడిగాను.

ఆయన పలక తుడిచేస్తూ, "ఇక్కడ మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పిడికిలి దెబ్బ తిన్నవాళ్ళేనయ్యా" అన్నారు.

ఎద్దు కుమ్మితే కొమ్ము గుచ్చుకోవాలి గదా అప్పా? నుదురు తగలడమేమిటి? ఈ ఉత్తరం నువ్వు చెబితే బావ రాశాడు. నువ్వు చెప్పిందంతా రాశాడో లేదో నాకెలా తెలుస్తుంది? ఈసారి వేరే ఎవరిచేతనైనా రాయించు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను దూరాన ఉన్నానని ఏదీ దాచకు.

నీ తమ్ముడు
పోలారావు

*

వజ్రపుకొత్తూరు
15 మార్చి 1925

తమ్ముడు పోలారావుకు అప్ప దీవెనలు.

నువ్వు అడిగావని ఈ ఉత్తరం మా ఊరి బడి పంతులు నరహరి గారి భార్య జగదాంబ గారి చేత రాయిస్తున్నాను. వీరి దస్తూరీ ముత్యాల్లా ఉంటుందట. నాకు చదువు రాదు గనక అందరూ అన్నదే నేనూ అంటున్నాను. నీ ఉత్తరం కూడా ఈవిడే చదివిపెట్టారు. పిడికిలి దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి నా ముఖం చూశారు. నాకు నవ్వొచ్చింది. అప్పలమ్మ దయ్యం అంది, నువ్వు పిడికిలి అంటున్నావు. ఎద్దు మాట ఎవరూ పట్టించుకోరేం?

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. కన్ను తెరుచుకుంది. చూపు ఉంది. అయితే ఒకటి రెండుగా కనిపిస్తోంది. నూతి మెట్టు రెండు మెట్లు. పైకి చూడమంటే ఎడమ కన్ను లేస్తుంది, కుడి కన్ను లేవదు. కొబ్బరిచెట్టు కేసి తలెత్తితే ఒక మానుకి రెండు తలలు కనిపించి కడుపులో తిప్పుతుంది. పగిలిన ఎముక సందులో కంటిని తిప్పే కండ చిక్కుకుందని డాక్టరు గారు అన్నారు. విశాఖపట్నంలో ఎముకకి బొమ్మ తీసే యంత్రం ఉందట, అక్కడ నోట్లో పైచిగురు దగ్గర కోసి కిందినుంచి ఎముకను ఎత్తిపెట్టే దొర ఉన్నాడట. వెళ్దామని మీ బావ అంటున్నాడు. నాకే భయం.

బుగ్గా పైపెదవీ తిమ్మిరెక్కి ఉన్నాయి. మొన్న గంజి తాగుతూంటే పెదవి కాలి బొబ్బెక్కింది, నాకు తెలియనే లేదు. వాపు తీశాక కన్ను లోపలికి పోయింది. అద్దంలో చూసుకుంటే సగం ముఖం నాది, సగం ఏదో ముసలిదానిది.

దెబ్బ తగిలిన నాటినుంచి మీ బావ నా ముఖం చూడలేకపోతున్నాడు. అన్నం పెడితే తల వంచుకుని తినేసి వెళ్ళిపోతాడు. ఆవేళ నేను అడ్డు వెళ్ళకపోతే ఏమీ జరిగేది కాదు. ఆ మాటే ఆయనతో అంటే ఇంకా కుమిలిపోతున్నాడు. నువ్వు ఆయనకి కోపంగా ఏమీ రాయకు.

పూత కాస్త మంచుకి మాడింది. మిగిలింది పిందె కట్టింది.

ఇట్లు
నీ అప్ప సన్యాసమ్మ

*

రంగూను
4 ఏప్రిల్ 1925

అప్పకు నమస్కారాలు.

ఇక నువ్వేమీ చెప్పక్కర్లేదు. నాకు అర్థమైంది.

నువ్వు నేరుగా చెప్పలేదు గానీ చెప్పాల్సిందంతా చెప్పావు. తప్పు చెయ్యనివాడు పెళ్ళాం ముఖం ఎందుకు చూడలేడు? నువ్వు దేనికి అడ్డు వెళ్ళావు? తాగి వచ్చాడా? ఎవరినైనా కొట్టబోతే అడ్డు వెళ్ళావా? కోపంగా రాయొద్దని నన్నెందుకు బతిమాలుతున్నావు? ఆ ఉత్తరం రాసేటప్పుడు కూడా బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడని నాకు తెలుసు.

నిన్న స్టీమరు దిగిన కూలీల్లో భావనపాడు మనిషి ఒకడు ఉన్నాడు. మీ ఊరి మీదుగానే వచ్చాడట. బావ పశువుల గురించి అడిగితే, "దాలయ్య సాలలో ఎద్దేటి, ఎద్దు పేడ కూడా లేదు బావూ" అన్నాడు. లేని ఎద్దు ఎలా కుమ్మింది అప్పా?

వైకుంఠరావు గారిని మళ్ళీ అడగలేదు. అడగాల్సింది ఏముంది?

నిన్ను జలంత్రకోట తీసుకెళ్ళమని సూర్యానికి రాశాను. వాడు వస్తాడు. మూట కట్టుకుని ఉండు. భయపడకు. నీకు నేనున్నాను.

నీ తమ్ముడు
పోలారావు

*

వజ్రపుకొత్తూరు
2 మే 1925

పోలారావుకు సన్యాసమ్మ రాయించునది.

నీ ఉత్తరం కంటే సూర్యం ముందు వచ్చాడు. నీ ఉత్తరం నిన్న వచ్చింది. జగదాంబ గారే చదివారు. ఇప్పుడు చెబుతున్నాను, ఆవిడ రాస్తున్నారు. మధ్యలో అక్షరాలు అలుక్కుపోతే ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారని అనుకో. నాకు ఏడుపు రావడం లేదు.

కిందటి వారం ఒకనాటి మిట్టమధ్యాహ్నం మీ బావ కొట్టంలో కొబ్బరి పీచు ఒలుస్తున్నాడు. సూర్యం ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఎండు చేపలు తెచ్చాడేమో అనుకుని నేను ఎదురెళ్ళాను. వాడు నా ముఖం చూసి ఆగిపోయాడు. కన్ను లోపలికి పోయిన తీరు వాడు అప్పుడే చూడటం.

"అప్పా, మూట కట్టు. మనింటికి ఎల్పోదాం" అన్నాడు.

"ఏటైనాదిరా?"

"ఏటైనాదా? ఈడు నీ కన్ను సితకబొడిసీనాడని పోలారావు రంగూన్నుంచి రాసినాడు. అక్కడ డాక్టర్లు సెప్పినారట, ఇది పిడికిలి దెబ్బేనని."

మీ బావ లేచాడు. ఒలిచే ఇనుపగునపం చేతిలో ఉంటే వాడికి భయమేస్తుందని దాన్ని గోడకి ఆనించి మరీ వచ్చాడు. అది నేను చూశాను. "సూర్యం, కూకో. మంచినీల్లు తాగు. నానేటీ సెయ్యలేదు. ఎద్దే కుమ్మినాది" అన్నాడు.

"ఏదీ ఎద్దు? సూపించు."

"దాన్ని సూత్తే నాకు మనసు రగిలిపోతంది. జతతో సహా ఇచ్చీసినాను."

అదే నిజం పోలారావూ. కొత్త ఎద్దుకి కుడితి పెట్టమని నాకు చెప్పింది మీ బావే. అందుకే నా ముఖం చూడలేకపోయాడు. నేను అడ్డు వెళ్ళానన్నది ఎద్దు తలకి.

సూర్యం నమ్మలేదు. మీ బావ ఇంకో మాట అనేలోపు వాడి చెయ్యి లేచింది. నేను మధ్యలో దూరాను. నాకు ఇద్దరు సూర్యాలు కనిపించారు. రెండు చేతులు లేచాయి. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. అది లేని చెయ్యి. నా గుప్పిట్లో గాలి తప్ప ఏమీ లేదు. రెండో చెయ్యి మీ బావ ఎడమ కంటి మీద పడింది.

ఒక్క దెబ్బే. ఆయన తిరిగి చెయ్యెత్తలేదు. గోడ పట్టుకుని కూర్చున్నాడు.

మేం చూస్తూండగానే కన్ను ముందుకి పొడుచుకొచ్చింది. నాది లోపలికి పోతే ఆయనది బయటికి వచ్చింది. రెప్పలు నీలం తిరిగి బిగుసుకుపోయాయి. ముట్టుకుంటే గులకరాయిలా గట్టిగా ఉంది. ఆయన మంచి కంటిని అరచేత్తో మూసుకుని, కాసేపు అలాగే ఉండి, "సన్యాసీ, ఈ కంట్లో ఎలుగు తగ్గిపోతందే" అన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ మూసుకుని చూసి, "ఏటీ అవుపడదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆశ్చర్యపోతున్నట్టు అన్నాడు.

బండి ఉంది, ఎద్దుల్లేవు. వాడి వెంట వచ్చిన ఇద్దరూ అప్పటికే జారుకున్నారు. సూర్యమే ఊళ్ళో పడి ఇల్లిల్లూ తిరిగి ఒక జత తెచ్చాడు. పలుపు ముడి వాడికి పడలేదు, అప్పలమ్మ వేసింది. ఉద్దానం ఇసుకలో బండి ఎంత వేగం పోతుందో నీకు తెలుసు. టెక్కలి చేరేసరికి పొద్దు వాలింది.

డాక్టరు గారు దీపం పెట్టి చూశారు. కంటిపాప కదల్లేదు. వెంటనే రెప్పల చివర కోసి నెత్తురు వదిలారు. ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచి చెప్పారు. దెబ్బకి గుంట లోపల నెత్తురు గడ్డకట్టిందట, అది బయటికి వచ్చే దారి లేక కంటి నరాన్ని నలిపేసిందట. దెబ్బ తగిలిన కాసేపట్లో వచ్చి ఉంటే చూపు దక్కేదేమోనన్నారు. నాకు అడుగు ఎముక పగిలి కిందికి జారింది గనక కన్ను నిలిచిందట. ఆయన ఎముక గట్టిది, సన్నగా బీట వేసిందే గాని విరగలేదు. విరగనందుకు చూపు పోయింది. ఈ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నా నా తలకి ఎక్కడం లేదు.

మర్నాడు పోలీసు జవాను వచ్చి అడిగాడు. సూర్యం గోడవారన నిలబడి ఉన్నాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. మీ బావ కట్టు కింది నుంచే, "ఎద్దు కుమ్మినాది బావూ" అన్నాడు. జవాను రాసుకుని వెళ్ళిపోయాడు. మారు ప్రశ్న వెయ్యలేదు.

నేను అదే మాట నీకు రెండు ఉత్తరాల్లో చెప్పాను.

సూర్యం ఆ సాయంత్రం నుంచి కనబడలేదు. భావనపాడులో పడవల దగ్గర పడుంటున్నాడని విన్నాను.

సన్యాసమ్మ

*

రంగూను
21 మే 1925

అప్పా,

ఏం రాయాలో తెలియడం లేదు. నీ ఉత్తరం పొద్దున అందింది. మిల్లు గేటు దగ్గర నిలబడే చదివాను. బావ గునపం గోడకి ఆనించాడన్న చోటికి వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చాను. ఎన్నిసార్లు చదివినా తర్వాతి మాట మారడం లేదు.

నేను సూర్యాన్ని కొట్టమనలేదు. నిన్ను తీసుకెళ్ళమన్నాను, అంతే. కానీ బావ నిన్ను కొట్టాడని నేను అనుమానంగా రాయలేదు. చూసినవాడిలా రాశాను. డాక్టర్లు చెప్పారని రాశాను. డాక్టర్లు ఎవరూ చెప్పలేదు. అది చదివినవాడు ఏం చేస్తాడు? సూర్యం స్థానంలో నేనున్నా అదే చేసేవాడిని. ఆ చెయ్యి వాడిది గానీ దెబ్బ ఇక్కణ్ణుంచి వచ్చింది.

వైకుంఠరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నీ ఉత్తరం విని కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "ఎక్కువమంది అన్నాను గదయ్యా. అందరూ అనలేదే" అన్నారు. మళ్ళీ, "పశువు నుదురు కూడా పిడికిలి లాంటిదే, ఆ సంగతి నువ్వు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నారు. నేను అడగలేదు. అడగాల్సింది ఏముందని నీకు రాశాను కూడా.

చిన్నప్పుడు నాకు బావ ఈత నేర్పాడు. ఆయన చెయ్యి నాకు తెలుసు. అయినా పలక మీద గీసిన బొమ్మని నమ్మాను.

సెలవు అడిగాను, ఇచ్చారు. రావచ్చునో లేదో ఒక్క ముక్క రాయించు. రావద్దంటే రాను. బావకి నా నమస్కారం అని చెప్పమనడానికి కూడా నోరు రావడం లేదు.

పోలారావు

*

వజ్రపుకొత్తూరు
12 జూన్ 1925

పోలారావుకు అప్ప రాయించునది.

నీ ఉత్తరం జగదాంబ గారు మా ఇద్దరి ముందూ చదివారు. మీ బావ చివరిదాకా విన్నాడు. ఈత మాట దగ్గర కొంచెం తలెత్తాడు.

"ఏటంటావు?" అని అడిగాను.

"రమ్మను. ఆడు అక్కడ కూకొని ఏటి తింటాడు, ఏటి పడుకుంటాడు" అన్నాడు. మళ్ళీ, "నానింకా ఆడితో మాటాడగలనో లేదో తెల్దు. అది కూడా సెప్పు" అన్నాడు.

ఆయన మాట అది. నా మాట వేరే చెబుతాను. నేను నిన్ను పెంచాను. నాకు చదువు రాదు, కాబట్టి నా మాట నీ దగ్గరికి ఎప్పుడూ ఎవరో ఒకరి చేతి మీదుగానే వస్తుంది. ఎవరు రాసినా మాట నాదే. అది నీకు తెలియాలి గదా. నువ్వు రాసినవాడి చెయ్యి చూశావు, నా గొంతు వినలేదు. నాకు కోపం ఇంకా ఉంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. అయినా రా.

వచ్చే నెల మేం విశాఖపట్నం వెళ్తున్నాం. నా కంటికి ఆలస్యమైపోయిందట, కండ అక్కడే అతుక్కుపోయి ఉండొచ్చట, అయినా చూస్తామన్నారు. మీ బావ కంటికి చెయ్యడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నాకు భయం గనక వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన ఎడమ పక్కన నడవాల్సినదాన్ని నేనే, నాకు మెట్లు సరిగ్గా కనబడాలి. అందుకు వెళ్తున్నాను.

బారువ రేవులో దిగి నేరుగా మా ఇంటికి రాకు. ముందు భావనపాడు వెళ్ళి సూర్యాన్ని వెతుకు. వాడు ఆ ఇసుకలో చిక్కి సగమయ్యాడట. ఎవరు పిలిచినా రాడట. నువ్వు రాసిన ఉత్తరం పట్టుకుని వెళ్ళాడు, నువ్వే పిలుచుకురావాలి. ఇద్దరూ కలిసి రండి. అన్నం వండుతాను. అంతవరకే ఇప్పుడు చెప్పగలను.

ఒకటి గుర్తుంచుకో. మీ బావకి ఎడమవైపు ఏమీ కనబడదు. ఆ పక్కనుంచి ఎవరు వచ్చినా ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. మొన్న నేను మంచినీళ్ళు ఇవ్వబోతే నాకూ అలాగే అడ్డం పెట్టుకున్నాడు. నువ్వు చప్పుడు చెయ్యకుండా దగ్గరికి రాకు. వీధిలో ఉండగానే "బావా" అని పిలువు. ఆయన నీ వైపు తిరిగేదాకా అక్కడే నిలబడు.

నీ అప్ప
సన్యాసమ్మ